కళ్ళు మూసుకుని నిలబడ్డ ఏడో తరగతి

అప్పట్లో మా ఊరి పిల్లలకి వ్యాయామం నేర్పుతామంటే పెద్దవాళ్ళు నవ్వేవాళ్ళు. మరి మేము పొద్దున్నే కాలవ దూకి, కల్లంలో మిరపకాయలు తిరగేసి, బడి గోడెక్కి క్లాసులోకి దిగేవాళ్ళం (గేటు తీసే ఉండేది, అది వేరే సంగతి). అలాంటి మాకు గీత మీద నడవటం, సంచి విసిరి పట్టుకోవటం, ఒంటికాలి మీద నిలబడటం నేర్పడానికి కొత్తగా డ్రిల్లు సారొచ్చారు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుండేది కాబట్టి ఈల సారన్నాం. "ఏరా, కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడు చూద్దాం" అన్నారు నన్ను. ఇదీ ఒక పరీక్షేనా అనుకుంటూ కళ్ళు మూశాను, పక్కవాడి మీద పడ్డాను. కాలు నాదే, నేల మా ఊరిదే, మధ్యలో కంటికేం పని? బళ్ళో దేన్ని గురించైనా నాకు పుట్టిన మొదటి సందేహం అదే. ఇంట్లో కంచం ముందు కూడా అలాగే నిలబడి చూస్తుంటే, "వీడికేదో గాలి సోకిందే" అంది అమ్మమ్మ. ఇక ఆ పీరియడు కోసమే బడికెళ్ళేవాణ్ణి.

లెక్కల సారుకి కూడా ఆ పీరియడే కావాలి. "గంతులకి గంటెందుకండీ, నాకిచ్చేయండి" అని హెడ్మాస్టరు గారి వెంట పడ్డారు. ఒంగోలు నుంచి ఆఫీసరమ్మ వచ్చి చూసి బాగుందంటే ఉంటుంది, లేదంటే లెక్కలే అని తేల్చారాయన. నాకు అన్నం సయించలేదు.

ఆవిడొచ్చే రోజుకి తలా ఒక గుడ్డ సంచిలో ఇసక నింపి తెమ్మన్నారు ఈల సారు. "ఇసకా? మొహాన తగిలితే పిల్లోడేం కావాల!" అని అమ్మమ్మ కల్లంలో రాలిన మిరపగింజలు దుమ్ముతో సహా ఎత్తి పోసి, పాత పంచె గుడ్డతో మెత్తగా కుట్టిచ్చింది. అది చూసి మా వీధి పిల్లలంతా ఆవిడ చేతే కుట్టించుకున్నారు. (మా ఊళ్ళో మిరప ఘాటు గాలితో పాటే పీలుస్తాం, అదొకటుందని ఎవరికీ గుర్తుండదు.)

ఆఫీసరమ్మ కూర్చున్నారు. ఈల మోగింది, సంచులు లేచాయి. పాత గుడ్డ కదా, పట్టుకున్నవీ పిగిలాయి, జారినవీ పిగిలాయి. ఎర్రటి దుమ్ములో ముందు లెక్కల సారు తుమ్మారు, వెనకే హెడ్మాస్టరు గారు, ఆ పైన ఆఫీసరమ్మ. మంటకి మేమూ కళ్ళు మూసుకున్నాం. కళ్ళెలాగూ మూసుకున్నాం, సంచుల తర్వాత చేయాల్సింది ఒంటికాలే కదా అని క్లాసంతా కాళ్ళెత్తాం. ముక్కులు కారుతున్నాయి, ఏడుపొస్తోంది, ఒక్కడు పడితే ఒట్టు. నేను కూడా!

"ఏవండీ, ఈ పిల్లలు కదలరేంటండీ?" ఆఫీసరమ్మ కొంగులోంచి అడిగారు.

"ఈల... హాచ్... ఊదేదాకా కదలరండీ," అన్నారు ఈల సారు.

"అయితే ఊదండి మహానుభావా! పీరియడు ఉంచండి. ఆ సంచుల్ని మాత్రం పాతిపెట్టండి. తగలెట్టారో, ఊరు ఖాళీ అవుద్ది!"

పీరియడు బడిలోనే ఉంది. బయటికొచ్చింది నేనే. మరుసటేడు నాన్నకి నడుం పట్టేస్తే ఆయన బదులు మిర్చి బస్తాలు మోయడానికి వెళ్ళాను, మళ్ళీ బడికి వెళ్ళలేదు. ఇప్పుడవే బస్తాలు ఆటోలో తోలుతున్నాను. మొన్న బడి దగ్గర ఆటో ఆపి, పిల్లలు గీత మీద నడుస్తుంటే గోడ మీంచి చూస్తున్నాను. కుర్ర డ్రిల్లు మేడం దగ్గరికొచ్చి, "ఎవరండీ మీరు?" అంది.

"ఇక్కడే చదివానండీ."

"ఎందాకా?"

"ఈ పీరియడు దాకానండీ."

ఆవిడ నవ్వేసింది. నేనూ నవ్వాను, కాకపోతే ఆటో స్టార్టు చేశాక.