పరుపు మర్చిపోయే మామయ్య

గొడుగు మర్చిపోయేవాళ్ళని మీరు చూసే ఉంటారు. కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికేవాళ్ళు ప్రతి ఇంటికీ ఒకరుంటారు. పరుపు మర్చిపోయే మనిషిని ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆయన సాక్షాత్తూ మా మేనమామ. బదిలీ అయిన ప్రతిసారీ, ఖాళీ చేసిన ఇంట్లో ఏదో ఒకటి మర్చిపోయి రావడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు. అదీ ఏ చెంచానో దువ్వెనో అయితే పోనీలే అనుకోవచ్చు. మా మామయ్య చిన్నవి మర్చిపోడు. ఒక ఊళ్ళో పరుపు, ఒక ఊళ్ళో మడత మంచం, ఇంకో ఊళ్ళో నీళ్ళ డ్రమ్ము. డ్రమ్ము మర్చిపోవడం ఎలా సాధ్యమండీ? దానికి కాలు తగలకుండా గుమ్మం దాటడమే కష్టం!

విడ్డూరం ఏమిటంటే, సైన్యంలో ఆయన ఉద్యోగమే సామాన్ల లెక్క చూడటం. స్టోరు ఇన్‌చార్జి. ఆ స్టోరులో ఒక్క మేకు తగ్గినా ఆయనకి ముద్ద దిగదు. ఒకసారి కొత్త బూట్ల జతలో ఒక లేసు కనబడలేదని గిడ్డంగి మొత్తం బోర్లించి దులిపించాడట. చివరికి అది ఆయన జేబులోనే దొరికిందని మా అత్తయ్య చెబుతుంది. మామయ్య విషయంలో అత్తయ్య చెప్పేదాంట్లో సగమే నమ్మాలి, కానీ ఆ సగం ఏదో నాకు ఇప్పటికీ తెలీదు.

బదిలీ కబురు చెవిన పడితే చాలు, ఆయన కాలు ఒకచోట నిలవదు. తను కూర్చోడు, మనల్ని కూర్చోనివ్వడు. కూర్చుందామన్నా కుర్చీ ఉండదు, అప్పటికే దాన్ని గోనెపట్టాలో చుట్టి తాడు బిగించేసి ఉంటాడు. ఇంట్లో కనబడిన ప్రతిదాన్నీ నల్ల పెట్టెల్లో సర్దేసి, ప్రతిదానిమీదా తెల్లరంగుతో తన సర్వీసు నంబరు రాసేస్తాడు. పెట్టెమీద రాస్తే సరిపోదా? ఊహూ. గిన్నెమీద, బకెట్టుమీద, చీపురుకట్ట పిడిమీద కూడా రాయాలి. వాళ్ళింటికి వెళ్తే నేను నా వీపు గోడవైపు పెట్టుకునే కూర్చుంటాను.

కిందటేడు వాళ్ళు మళ్ళీ బదిలీ అవుతుంటే, సర్దడంలో సాయానికి రమ్మని అత్తయ్య ఫోన్ చేసింది. వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికెళ్ళి గ్లాసెడు మంచినీళ్ళు తాగి వచ్చేసరికి చెప్పులు లేవు.

"మామయ్యా, నా చెప్పులేవీ?"

"నాలుగో పెట్టెలో ఉన్నాయి."

"అవి నావి మామయ్యా!"

"నీవే, కాదన్నానా? ఏం పోవులే. నా పెట్టెలోంచి ఇంతవరకూ ఒక్కటీ పోలేదు."

"పరుపో?"

"పరుపు పెట్టెలో పెడతారా ఎవరైనా?" అని, తాడు పళ్ళతో బిగించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వారమంతా నేను ఉత్తి కాళ్ళతోనే తిరిగాను.

లోపల అత్తయ్య టీ కాచి, వడపోసేదాని కోసం వెతుకుతోంది.

"ఏవండీ, వడగట్టేది ఏమైంది?"

"కట్టేశాను."

"ఇంకా వారం ఉందండీ బయల్దేరడానికి!"

"ఎప్పుడూ సిద్ధంగా ఉండాలే."

"దేనికి? టీ తాగకుండా చావడానికా?"

చివరికి కొత్త రుమాలుతో వడగట్టుకుని తాగాం. వాళ్ళమ్మాయి, ఆరేళ్ళ చిన్నది, అన్నం తింటున్నంతసేపూ బడి సంచీ వీపునుంచి దించలేదు. ఎందుకే అంటే, "దింపితే నాన్న కట్టేస్తాడు వదినా" అంది.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపు దగ్గరికేసింది. మామూలుగా ఆవిడ మామయ్యని తిట్టేటప్పుడు ఊరంతా వినాలన్నట్టు తిడుతుంది. గొంతు తగ్గించి మాట్లాడిందంటే భయపడాలి.

"చూడమ్మాయ్. మూడేళ్ళు ఆయన ఎక్కడో కొండల్లో ఒక్కరే ఉన్నారు, మేమిద్దరం ఇక్కడ. ఇన్నాళ్ళకి ముగ్గురం ఒకచోట ఉండే పోస్టింగు వచ్చింది. నాకు సంతోషం లేదంటావా? కానీ కొత్త ఊళ్ళో దిగిన రోజే పక్కింటి తలుపు కొట్టి, ఒక గిన్నె ఉంటే ఇస్తారా అండీ అని అడగాలి చూడు, అది నావల్ల కాదు. ప్రతి ఊళ్ళోనూ అదే. అడుక్కునేదాన్లా మొదలుపెట్టాలి కాపురం. ఈసారి ఒక్క వస్తువు మర్చిపోయారో, నేను లారీ ఎక్కను. పిల్లని తీసుకుని మా అక్క ఇంటికి పోతాను. ఆయనకీ చెప్పేశాను."

"ఏమన్నాడు?"

"ఏమంటారు? పళ్ళెం కట్టుకుంటూ 'సరేలే' అన్నారు."

అత్తయ్య ఉత్తుత్తినే అనే మనిషి కాదు. నా పెళ్ళికి పిలుపు సరిగ్గా అందలేదని రానంది, రాలేదు. ఇప్పటికీ పెళ్ళి ఫొటోల్లో మామయ్య ఒక్కడే ఒంటి స్తంభంలా నిలబడి ఉంటాడు.

ఆయన ఏదీ వదిలేయకుండా నన్ను కనిపెట్టుకుని ఉండమంది. అలా నేను కాపలాకి కుదిరాను. చేతిలో గరిటె, కాళ్ళకి చెప్పులు లేవు, ఎదురుగా శత్రువు మా మామయ్య. ఆయన ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి వెళ్ళేదాన్ని. "ఏంటే, నీడలా?" అనేవాడు. "అత్తయ్య ఆర్డరు" అనేదాన్ని. ఆర్డరు అన్నాక ఆయన మారుమాట్లాడడు, పాతికేళ్ళ అలవాటు.

మాటల్లో అత్తయ్య బకెట్టు సంగతి చెప్పింది. ఒక ఊళ్ళో ఇత్తడి బకెట్టు మర్చిపోయారట. ఏళ్ళ తరబడి ఆ బకెట్టు చేతులు మారి మారి, దానిమీద నంబరు చూసిన ఏ పుణ్యాత్ముడో మిలటరీ బండిలో పంపించగా, మూడు ఊళ్ళవతల వీళ్ళింటికి వచ్చి చేరింది. అత్తయ్య దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుందట.

"మరి మామయ్యో?"

"అదే నాకూ అర్థం కాలేదు. మొహం మాడ్చుకున్నారు. నంబరు రాయడం పెద్ద పొరపాటైపోయింది అన్నారు."

నాకూ అర్థం కాలేదు. బయల్దేరే రోజు పొద్దున్న గానీ వెలగలేదు.

లారీ వాకిట్లో నిలబడింది. పెట్టెలన్నీ ఎక్కుతున్నాయి. నేను వంటింట్లో స్టవ్వుకి కాపలా. మామయ్య లోపలికొచ్చాడు, నన్ను చూశాడు, బయటికెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు, కుళాయి కట్టేసి ఉందో లేదో చూశాడు, వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. చూసి చూసి నాకే కళ్ళు తిరిగాయి. స్టవ్వు నేనే బయట పడేద్దామని ఎత్తబోతే వేలికి నల్లగా అంటింది. పచ్చి రంగు. పక్కకి తిప్పి చూస్తే, నంబరు ఉండాల్సినచోట నల్లరంగు పూత. గోడవార ఉన్న పరుపు చూశాను. నంబరు మీద గుడ్డముక్క అతికి కుట్టేసి ఉంది. బకెట్టు మీద గీకేసి ఉంది.

"మామయ్యా, వీటిమీద నంబరేదీ?"

"ఏ నంబరు?"

"నీ నంబరు! చీపురుమీద కూడా రాసేవాడివి, స్టవ్వుమీద చెరిపేస్తావా? నువ్వు మర్చిపోవడం లేదు మామయ్యా. కావాలనే వదిలేస్తున్నావు!"

ఆయన గబుక్కున తలుపు వేశాడు. "అరవకే, మీ అత్తయ్య చెవులు పాము చెవులు" అన్నాడు. అన్నాడే గానీ మొహం చూస్తే, కుక్కలు వెంటపడ్డ దొంగ చివరికి దొరికిపోయి ఊపిరి పీల్చుకున్నట్టుంది.

"ఈ ఇంట్లోకి కొత్త కుర్రాడొస్తున్నాడమ్మాయ్. పెళ్ళాం, నెలల పిల్ల. మధ్యాహ్నానికి దిగుతారు. దారిలో వంతెన కూలి వాళ్ళ సామాను లారీ అవతలే ఆగిపోయింది. ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. వాడు దిగీ దిగగానే డ్యూటీకి పోవాలి. ఆ పిల్ల ఈ గచ్చుమీద చంటిదాన్ని వేసుకుని ఏం చేస్తుంది చెప్పు?"

"అయితే ఇచ్చి వెళ్తున్నామని చెప్పొచ్చుగా!"

"ఇచ్చామంటే తీసుకోరే. తీసుకున్నా, ఎలా తిరిగిచ్చేయాలా అని తిప్పలు పడతారు. మర్చిపోయామనుకో, ఎవడో మతిలేనోడు అని నవ్వుకుని హాయిగా వాడుకుంటారు. అందుకే నంబరు ఉండకూడదు. బకెట్టు విషయంలో దెబ్బతిన్నాగా."

"మరి సర్కారు ఇల్లు అప్పగించేటప్పుడు ఖాళీగా ఉండాలంటారు కదా, చూడ్డానికొచ్చేవాడు ఊరుకుంటాడా?"

"వాడికీ మతిమరుపేనే. ఈ జబ్బు మాలో చాలామందికుంది. నాకు ఉద్యోగంలో చేరిన కొత్తలో అంటుకుంది. ఖాళీ ఇంట్లో ఒక్కణ్ణే జ్వరంతో పడిపోతే, మూల ఎవడో మర్చిపోయిన రెండు కంబళ్ళున్నాయి. అవి ఎవరివో ఇప్పటికీ తెలీదు."

"అత్తయ్యకి చెప్పొచ్చుగా మామయ్యా?"

ఆయన తల గోక్కున్నాడు. "చెబుదామనే అనుకున్నా. మొదటిసారి పరుపు వదిలేసినప్పుడు మీ అత్తయ్య తిట్టింది చూడూ, ఆ తిట్ల మధ్య చెప్పడానికి సందు దొరకలేదు. తరవాత అలవాటైపోయింది. నాకు వదిలేయడం, ఆవిడకి తిట్టడం."

"ఈసారి తిట్టదు. లారీ ఎక్కదు."

ఆ మాటకి మనిషి వాడిపోయాడు. స్టవ్వు ఎత్తి పెట్టెలో పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు. కిటికీ దాకా వెళ్ళి, వాకిట్లో నిలబడ్డ కూతుర్ని చూసి, తిరిగొచ్చి మళ్ళీ తీసి గట్టుమీద పెట్టాడు. "మూడేళ్ళు ఒక్కణ్ణే వండుకు తిన్నానే. నాకు తెలీదా?" అన్నాడు. "కానీ నెలల పిల్లమ్మా."

గరిటె కూడా గట్టుమీద పెట్టేసి బయటికి వచ్చేశాను.

పెట్టెలన్నీ ఎక్కాయి. అత్తయ్య ముందు సీట్లో, చిన్నది ఒళ్ళో. డ్రైవరు ఇంజను వేశాడు. అత్తయ్య కిటికీలోంచి తల బయట పెట్టింది.

"అమ్మాయ్, అన్నీ ఎక్కాయా?"

"నేను చూసినంతవరకూ..."

"ఎంతవరకూ చూశావే నువ్వు?" అని మామయ్య వైపు తిరిగింది. "స్టవ్వు ఏ పెట్టెలో పెట్టారు?"

"అదీ... ఆ... ఏదో పెట్టెలో..."

నా చెప్పులు నాలుగో పెట్టెలో ఉన్నాయని రెప్ప వేయకుండా చెప్పిన మనిషి! అత్తయ్య పిల్లని సీట్లో దించి, తను దిగి, విసవిసా ఇంట్లోకి నడిచింది. "నాన్నా, అమ్మ రాదా?" అంది చిన్నది. మామయ్య వాకిట్లో మెట్టుమీద కూలబడ్డాడు. బదిలీ రోజున ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. మామయ్య ఏమనుకున్నా సరేనని, ఇక ఆగలేక అత్తయ్య వెనక పరిగెత్తాను.

వంటింట్లో ఆవిడ నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. గట్టుమీద స్టవ్వు, పక్కన బియ్యం డబ్బా, నిండా నీళ్ళు పట్టిన బకెట్టు, గోడవార పరుపు.

"ఎవరికే ఇవన్నీ?"

చెప్పేశాను. కుర్రాడు, పెళ్ళాం, నెలల పిల్ల, వంతెన, కంబళ్ళు, అన్నీ ఒక్క గుక్కలో. ఆవిడ బియ్యం డబ్బా మూత తీసి చూసింది, పెట్టింది. పరుపు చేత్తో నొక్కి చూసింది. ముక్కు ఒకసారి గట్టిగా ఎగబీల్చి బయటికి నడిచింది.

"ఏవండీ, లేవండి! అసలు బుద్ధుందా మీకు?"

మామయ్య లేచాడు. "తప్పైపోయిందే, ఇప్పుడే తెచ్చేస్తా..."

"ఏం తెస్తారు? స్టవ్వు పెట్టారు, అగ్గిపెట్టేదీ? ఆ పిల్ల నోటితో ఊది వెలిగించుకోవాలా? పరుపు పెట్టారు సరే, చంటిదాని కింద వేయడానికి మెత్తటి గుడ్డ ముక్క ఒక్కటుందా? దాని నీళ్ళు కాచడానికి మూతున్న గిన్నె ఉందా? ఎక్కడ కూర్చుని పాలిస్తుంది, మీ నెత్తిమీదా? ఇన్నేళ్ళూ ఇలాగేనా మర్చిపోతున్నది? మర్చిపోవడం కూడా సరిగ్గా చేతకాదేమండీ మీకు!"

మామయ్య లారీ వైపోసారి, ఆవిడ వైపోసారి చూశాడు.

"చూస్తారేంటి? దుప్పట్లు ఏ పెట్టెలో?"

"రెండో పెట్టెలో."

"విప్పండి."

బిగించిన ముళ్ళు విప్పడానికి ఆయనకి గోళ్ళు ఊడినంత పనైంది. అత్తయ్య మెత్తబడ్డ పాత దుప్పట్లు తీసింది, మూతగిన్నె తీసింది, పాలగిన్నె తీసింది. కుర్చీ కూడా దింపించింది. "ఇదెందుకే, ఉన్నది ఒక్కటేగా" అన్నాడు మామయ్య. "నోర్మూసుకుని పట్టండి, నంబరు కనబడుతోంది, ముందు అది గీకండి" అంది అత్తయ్య. చిన్నది వీపునుంచి సంచీ దించి, అందులోంచి రబ్బరు బాతు తీసి పరుపుమీద పెట్టి వచ్చింది. అత్తయ్య గదులన్నీ ఒక చుట్టు తిరిగి, కిటికీ రెక్క వేసి, బయటికొచ్చి మామయ్య పక్కన ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది.

డ్రైవరు అప్పటికి విసిగిపోయి ఉన్నాడు. "అయిందా అమ్మా? ఏమీ మర్చిపోలేదుగా?"

"అన్నీ మర్చిపోయాం బాబూ" అంది అత్తయ్య. "ఇక పోనీ."