వదిన ఆపేసిన మోకాళ్ళ మందు

మా వదిన పనిచేసే మందుల ప్రయోగశాలలో, ఎలుకల గదిలో, ఒక ఎలుకను దగ్గరగా చూద్దామని నేను వంగినప్పుడు నా లాగు వెనకవైపు నిలువునా చిరిగింది. లాగు నాది కాదు. బయటి బట్టలతో లోపలికి రానివ్వరు కాబట్టి స్నానం చేయించి, వాళ్ళ లాగూ చొక్కా ఇచ్చారు. అది నాకన్నా సన్నటివాడి కొలత. చప్పుడు మాత్రం బాగానే వచ్చింది. బోనుల్లో ఎలుకలన్నీ ఒక్కసారిగా వెనక్కాళ్ళ మీద లేచి నావైపు చూశాయి.

వదిన నవ్వలేదు. వీపు గోడకానించి నిలబడమని నాకు చెప్పి, ఎలుకలు బెదిరాయి కాబట్టి అవి నెమ్మదించేదాకా వాటి పాదాల వాపు కొలవడం ఆపమని తన మనుషులకు చెప్పింది. తర్వాత ఆలస్యానికి కారణం కాగితం మీద రాసింది: 'సందర్శకుడి లాగు చిరిగిన శబ్దం.' ఆ ముక్క తీసేయమని ఎంత బతిమాలినా వినలేదు. జరిగింది జరిగినట్టు రాయడమే అక్కడ ఉద్యోగమట. ఆ లెక్కన నా పరువు దస్త్రాల్లోకి ఎక్కింది.

వదిన చదివింది పశువైద్యం. వాపులూ నొప్పులూ తగ్గించాలని తయారుచేసిన కొత్త మందు మనుషుల నోటికి చేరకముందే, అది జంతువులకు ఏం మేలు చేస్తుందో ఏం కీడు చేస్తుందో చూసేది ఆవిడే. ఎలుకను పట్టుకునేముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. సెంటు పూసుకోదు. వాసనకు అవి కంగారుపడితే కొలతలు తారుమారవుతాయట. పెళ్ళిరోజుకని అన్నయ్య ఖరీదైన సెంటు సీసా కొనిస్తే, చాలా బాగుందని మెచ్చుకుని, వృథా ఎందుకని తనే పూసుకున్న అన్నయ్యను వారం రోజులు పక్కగదిలో పడుకోబెట్టింది.

ఎలుకలకు పేర్లు కూడా పెట్టనివ్వదు. "పేరు పెడితే ముద్దొస్తుంది బాబూ. ముద్దొచ్చినదాని కడుపులో పుండుంటే కన్ను ఒప్పుకోదు" అంటుంది.

ఇక మా అమ్మ మోకాళ్ళ సంగతి. మెట్లెక్కాలంటే గోడతో మొరపెట్టుకుంటూ ఎక్కుతుంది. వదిన పరీక్షిస్తున్న మందుతో ఎలుకల పాదాల వాపు ఇట్టే దిగిపోతోందని తెలిసినప్పటినుంచీ అమ్మకు ఆశ పట్టుకుంది. భోజనాల దగ్గర ముందు ఎలుకల క్షేమం అడిగి, ఆ తర్వాతే మా క్షేమం అడిగేది. కోడలు తన కోసమే మందు కనిపెడుతోందని వీధంతా చెప్పింది. పక్కింటావిడకు అందులో వాటా ఇస్తానని మాట కూడా ఇచ్చేసింది.

అంతలో, కోసి చూసిన ఎలుకల కడుపుల్లో పుళ్ళు కనపడ్డాయి. ఎక్కువ మోతాదు పడ్డవాటికి రావడం అందరూ అనుకున్నదే. మనుషులకు ఇవ్వాలనుకున్న మోతాదుకు దగ్గరగా పడ్డవాటిలో కూడా లోపలి పొర చిట్లి నెత్తురు ఊరింది. పైకి మాత్రం అవి ఆఖరిదాకా హాయిగా తిన్నాయి, తిరిగాయి.

వదిన మొదట అనుమానించింది తననే. మందు పట్టేముందు మరీ ఎక్కువసేపు పస్తు ఉంచానేమో, ఖాళీ కడుపులు కాబట్టి పుండు పడిందేమో అని. తప్పు తనదే అయితే బాగుండునని ఆ రోజుల్లో ఆవిడ ముఖం మీదే రాసి ఉండేది. తనదైతే మందు బతుకుతుంది మరి. మేత మానిపించకుండా పరీక్ష మొత్తం మళ్ళీ చేయించింది. మళ్ళీ అవే పుళ్ళు.

వాళ్ళ పెద్దసారు చెడ్డవాడేం కాదు. ఆ మందు మీదే జుట్టు నెరిసిన మనిషి. వదిన గదిలోకి వచ్చి కూర్చుని, నోట్లోంచి మందు పోసే గొట్టం లోపల గీసుకుని ఉండొచ్చు కదా, అలా రాస్తే కాదనేదెవరు అన్నాడట. ఉత్త నీళ్ళు పోసినవాటికీ అదే గొట్టం, అదే చెయ్యి, వాటి కడుపులు అద్దంలా ఉన్నాయి కదా అంది వదిన. ఆయనకు తెలియక కాదు. అసలు భయం అప్పుడు బయటపెట్టాడట.

"ఇది ఆగితే మన విభాగం ఉంటుందో లేదో తెలీదమ్మా."

"నాకూ తెలీదు సార్. పుండు ఉందని మాత్రం తెలుసు."

మందు ఆపేయాలని రాసి ఆవిడ సంతకం చేసింది. పెద్దసారు కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని కింద తనదీ చేశాడు. నేనైతేనా, నేరం ఎప్పుడో గొట్టం మీదికి నెట్టేసేవాణ్ణి. లాగు విషయంలోనే దర్జీని తిట్టినవాణ్ణి నేను.

విభాగం సంగతి ఇంకా తేలలేదు. ఆ సాయంత్రం వదిన ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, నేరుగా అమ్మ మంచం దగ్గర కింద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. ఇక ఆ మందు రాదని కూడా చెప్పింది. నేనూ అన్నయ్యా తలుపు దగ్గరే ఆగిపోయాం. అమ్మ కాసేపు గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఇటు తిరిగింది.

"పక్కింటావిడకు నా ముఖం ఎలా చూపించను? ఎలుక కడుపుకీ నా మోకాలికీ ఏం సంబంధం అమ్మాయ్? ఆ పుండేదో నేనే పడతాను, నా మందు నాకిప్పించు."

వదిన అమ్మ కాలు తన ఒళ్ళోకి తీసుకుంది.

"మోకాలు నొప్పెడితే మీరు ఇల్లంతటికీ వినిపిస్తారు అత్తయ్యా, కడుపులో నెత్తురు కారితే మీక్కూడా తెలీదు."