‘ఏం జరిగినా మంచికే’ అనని చోటు వెతుక్కుంటూ పోర్ట్‌లాండ్ దాకా

ఉద్యోగం పోవడం కన్నా ఆ తర్వాత వచ్చే ఓదార్పులే నన్ను ఎక్కువ విసిగించాయి. సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో మా తెలుగువాళ్ళ పాట్‌లక్ విందుకి వెళ్తే చాలు, గ్రీన్ కార్డ్ చేతికొచ్చినవాళ్ళు పులిహోర ప్లేటుతో పక్కన చేరి, "ఏం జరిగినా మంచికే శారదా, గుళ్ళో ఓ అర్చన చేయించు" అంటారు. లేఆఫ్ అయిన హెచ్‌వన్‌బీ వీసా వాళ్ళకి ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజులే గడువు, దొరక్కపోతే దేశం వదలాలి. నాకు ఇరవై రెండు మిగిలాయి. పాట్‌లక్‌లు మానేశాను. నా స్నేహితురాలు పద్మ రోజూ "ఎలా ఉన్నావ్?" అని మెసేజ్ పెడుతుంది, "ఆల్ గుడ్" అని కొట్టి ఫోన్ పక్కన పడేస్తాను. అలాంటి వారంలోనే పోర్ట్‌లాండ్‌లో ఒక చిన్న లైబ్రరీ వాళ్ళు శనివారం పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ వ్యంగ్య కథలు చదువుతున్నారని చూశాను. మతగురువుల్నీ, జమీందార్లనీ, ఎన్ని తన్నులు తిన్నా లోకం సవ్యంగానే ఉందనే పండితుల్నీ ఆ కథలు ఉతికి ఆరేస్తాయి. ఆ పండితుల్ని చూసి నవ్వేవాళ్ళ మధ్య ఒక్క పూట కూర్చోవాలనిపించింది.

సియాటిల్ స్టేషన్‌కి పొద్దున్నే క్యాబ్‌లో వెళ్ళాను, నలభై డాలర్లు. ముందే బుక్ చేస్తే రైలు టికెట్టూ దాదాపు అంతే. ప్రయాణం మూడున్నర గంటలు. కెల్సో దాటాక కుడివైపు కొలంబియా నది చాలాసేపు వెంట వస్తుంది. ఫోటో తీశాను. ఎవరికి పంపాలో తోచక ఊరుకున్నాను.

స్టేషన్ నుంచి లైబ్రరీకి బస్సులో పావుగంట. పన్నెండింటికి మొదలైంది, ప్రవేశం ఉచితం. ఎనిమిది మంది రిటైరైన తెల్లవాళ్ళు, నేను. నడిపించే ఆవిడ మార్తా, ఒకప్పుడు స్కూలు టీచరు. పరిచయాలు మొదలయ్యాయి. అందరూ పేరు, ఇష్టమైన పుస్తకం చెప్పారు. నా వంతు రాగానే అమెరికాలో పదకొండేళ్ళ అలవాటు నోట్లోంచి దూకేసింది. పేరు, కంపెనీలో పనిచేసిన టీమ్, హెచ్‌వన్‌బీ, లేఆఫ్, మిగిలిన రోజులు, అన్నీ వరసగా అప్పజెప్పేశాను. మా వాళ్ళ మధ్య పరిచయమంటే అదే మరి.

మార్తా నా చెయ్యి పట్టుకుని, "చూస్తూ ఉండండి, మీ జీవితంలో జరిగిన గొప్ప మేలు ఇదే అనుకుంటారు ఒకరోజు" అంది.

పక్కనున్న పెద్దాయన, "నేను ప్రార్థన చేస్తాను. మీ దేశంవాళ్ళు చాలా తెలివైనవాళ్ళు కదా, ఏదో ఒకటి దొరుకుతుంది" అన్నాడు.

తర్వాత పుస్తకాలు తెరిచారు. అచ్చం ఆ మాటలే ఒక పండితుడు అంటుంటే రెండు గంటలపాటు పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంత దూరం వచ్చి మళ్ళీ మా పాట్‌లక్‌లోనే కూర్చున్నాను.

బయట చినుకులు పడుతున్నాయి. వీధి చివర ఫుడ్ కార్ట్‌ల వరసలో తెలుగులో ‘దోశ’ అని రాసి ఉన్న బండి కనిపించింది. పెనం ముందు యాభై ఏళ్ళాయన. మా పాట్‌లక్‌లకీ ఇలాంటి వంటాయనే ట్రేలు తెచ్చేవాడు. లోపలికి వచ్చి కూర్చోమని మేమెవరమూ ఒక్కసారీ అనలేదు.

"ఒక్కరే వచ్చిండ్రా మేడం? తడుస్తున్నరు, గా స్టూల్ మీద కూసోండ్రి" అన్నాడు.

పన్నెండు డాలర్ల దోశ తింటూ నా సంగతి చెప్పాను. ఆయన చట్నీ గరిటె ఆపి, "అయ్యో. చానా కష్టం గదా" అన్నాడు. అంతే అన్నాడు. ముప్పై ఎనిమిది రోజుల్లో ఆ ముక్క అన్నవాళ్ళు లేరు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తర్వాత తనే చెప్పాడు. "తూర్పు దిక్కున మోరిస్‌విల్‌ల నాకు సొంత హోటలుండె మేడం. మూతపడ్డది. ఈ బండి వేరేటోళ్ళది. నేను జీతానికున్న."

"ఏం జరిగినా మంచికేలెండి" అన్నాను.

ఆయన పెనం తుడుస్తూ నావైపు చూడకుండా, "అందరు గట్లనే అంటరు మేడం" అన్నాడు. నాకు మొహం చెల్లలేదు. ఇంకో గరిటె చట్నీ మాత్రం వేశాడు.

సాయంత్రం రైల్లో నది ఎడమవైపుకి మారింది. పక్కవాళ్ళ కష్టం మన ఒళ్ళో పడుతుందేమోనన్న భయంతోనే ఆ మాట అంటామేమో. మార్తాదీ అదే భయం, పాట్‌లక్ వాళ్ళదీ అదే, నాదీ అదే. పద్మ మెసేజ్ వచ్చింది: "ఎలా ఉన్నావ్?" ‘ఆల్ గుడ్’ అని సగం కొట్టి చెరిపేసి, "బాగాలేను. రేపు వస్తావా? సలహాలు వద్దు" అని పంపాను. జవాబు దాదాపు దారి చివర, టకోమా దగ్గర వచ్చింది: "వస్తున్నా. ఏం వండను?"

వెళ్ళేవాళ్ళకి ఒక్క సూచన. దోశ బండి మూడున్నరకే కట్టేస్తారు, లైబ్రరీ నుంచి నేరుగా వెళ్ళండి. ఆయన హోటల్ సంగతి ఎత్తితే ‘అయ్యో’ అనండి, ఆపైన ఇంకేమీ అనకుండా దోశ తినండి. నేను ఆ పని చేయలేకపోయాను.