పదకొండో నిమిషం దగ్గర ఎర్ర చుక్కలు

మా పై అంతస్తులో ఉండే లెక్చరరమ్మకు పాఠం రాదనీ, పిల్లలే ఆమెకు నేర్పుతున్నారనీ వీధంతా గుప్పుమంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ నిప్పును దగ్గర నుంచి చూసింది నేనొక్కదాన్నే కనుక ఉన్నదున్నట్టు చెబుతాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. చెవులు మాత్రం ఇంకా చదువుకుంటూనే ఉన్నాయి.

ఆమె యూనివర్సిటీలో ఇళ్లూ వంతెనలూ కట్టే చదువు చెబుతుంది. పంతొమ్మిదేళ్ల అనుభవం. ఈ ఏడాది నుంచి పాఠాలను వీడియో తీసి పిల్లలకు పంపడం మొదలుపెట్టింది. చూస్తూ చూస్తూ ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ వాళ్లు ఫోనులో నొక్కాలి. నొక్కినచోట ఎర్ర చుక్క పడుతుంది. బరువు పెడితే దూలం ఎలా వంగుతుందో చెప్పే పాఠంలో, నూట అరవై మందిలో నూట ముప్పై ఒక్కరు పదకొండో నిమిషం దగ్గరే నొక్కారు. అది చూసింది మొదలు ఆమె కాలు ఒకచోట నిలవలేదు. ఆ ఆదివారం పొద్దుటి నుంచీ నా నెత్తి మీద నడకే నడక.

ఉండబట్టలేక మేడెక్కాను. వంటింటి బల్ల చుట్టూ ముగ్గురు విద్యార్థులున్నారు.

"ఏమిటమ్మాయ్, మా కప్పు అరగదీస్తున్నావ్?"

"సమయానికొచ్చారు పిన్నిగారూ. ఈ పాఠం చూసి, తెలీనిచోట నొక్కండి."

చూడ్డం మొదలుపెట్టగానే నొక్కాను.

"అప్పుడేనా! ఇంకా నా పేరే చెబుతున్నాను కదా."

"ముందే నొక్కేస్తే ఓ పనైపోతుందని."

పిల్లలు విరగబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. కిటికీ దాకా వెళ్లి వచ్చింది.

కళ్లద్దాల పిల్ల ఒకతి మొహమాటం లేకుండా అంది. "మేడమ్, 'పైభాగం నలుగుతుంది, కిందిభాగం సాగుతుంది, తెలిసిందేగా' అని దాటేస్తారు. మాకు తెలీనిది అదే."

"పంతొమ్మిదేళ్లుగా ఇలాగే చెబుతున్నానమ్మా. ఒక్కరూ అడగలేదే!"

"తెలిసిందేగా అన్నాక ఎవరడుగుతారు మేడమ్?"

ఆ పిల్లే గిన్నెలు తోమే స్పాంజి తీసుకుని, దాని పక్కభాగం మీద పెన్నుతో నిలువు గీతలు గీసి, రెండు గ్లాసుల మీద వంతెనలా పెట్టి నడుమ నొక్కింది. గీతలు పైన దగ్గరకు జరిగాయి, కింద దూరంగా జరిగాయి. దూలం సంగతి నా బుర్రకే ఎక్కిందంటే చూసుకోండి! అందరూ కలిసి పాఠం మళ్లీ తీశారు. వీడియో మొదట్లో ఆ ముగ్గురి పేర్లూ వేశారు. క్లాసుకు మళ్లీ పంపితే, ఈసారి అక్కడ పడ్డ చుక్కలు తొమ్మిది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఏడాది పాఠాల నివేదిక శనివారంలోగా పంపాలి. అందులో ఆమె ఆ చుక్కల లెక్కా, పిల్లల పేర్లూ రాసింది. ఆ నివేదిక చూసి, వచ్చే ఏడు ఎవరికి ఏ క్లాసో తేలుస్తారు. వాళ్ల విభాగం పెద్దాయన ఆమెను పిలిచి, "ఆ చుక్కలు తీసెయ్యండి. పిల్లల పేర్లూ తీసెయ్యండి. నూట ముప్పై మందికి అర్థం కాలేదని మీ చేత్తో మీరే రాసిస్తే ఈ క్లాసు మీకుంచమంటారా?" అన్నాడట. ఆ మాట ఆఫీసు గుమస్తా నోట పడి, ఇస్త్రీ కొట్టు మీదుగా మా వీధికి చేరేసరికి 'ఆమెకు పాఠం రాదు' అయి కూర్చుంది.

శనివారం ఆమె మూడుసార్లు మెట్లు దిగింది, రెండుసార్లు వెనక్కి వెళ్లింది. మూడోసారి కాళ్లకు రెండు రకాల చెప్పులు. గేటుకు అడ్డంగా నిలబడి అడిగేశాను.

"నాన్చకుండా చెప్పు. తీసేశావా, ఉంచావా?"

"ఉంచే పంపాను పిన్నిగారూ. ఒకసారి తీసి చూశాను. తీస్తే అంతా నేనొక్కదాన్నే చేసినట్టుంది, అది అబద్ధం కదా. క్లాసు లాక్కుంటారేమో, ఏమో! సోమవారం క్లాసు మాత్రం ఇంకా నాదే. స్తంభాల పాఠం తీయనేలేదు, పిల్లలు బస్టాపులో ఎదురుచూస్తున్నారు. అడ్డు తప్పుకోండి, పోనివ్వండి నన్ను."