కళ్లు మూస్తే వినపడదు

నార్పోలి తెలుగు భజన మండలి పిలిస్తే భాగవతం చెప్పడానికి ముంబై దగ్గరి భివండి వెళ్లాను. నాకంటే ముందు, కంచు గిన్నె నాదంతో దిగులు పోగొడతాననే ధ్యాన గురువు ఒకాయన వేదిక ఎక్కి, అందరినీ కళ్లు మూసుకోమన్నాడు. ముందు వరసలోని, పవర్‌లూమ్ సాంచెలు నడిపే కార్మికుడు రాజేశం మూయలేదు.

“కండ్లు మూస్తే నీ మాట ఎట్ల ఇనాలె సార్? సాంచెల మోతకు చెవులు పోయినయ్. పెదవులు జూసి సమజ్ చేసుకుంట.”

“నాదం మీద మనసు పెట్టు, హాయిగా నిద్ర పడుతుంది.”

“నిద్ర కోసమే వచ్చిన. నా చెవుల గిసొంటి గిన్నె ఒకటి రాత్రింబవళ్లు మోగుతనే ఉన్నది. ముందుగాల దాన్ని బంద్ చెయ్యి సార్!”

గురువు ప్రశాంతంగా నవ్వి, గిన్నెను ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

తర్వాత నా వంతు. శ్రవణమే మొదటి భక్తి అని చెప్పడానికి వెళ్లినవాణ్ణి, పెదవుల మీద పడుతున్న మీసాలు ముందుగా పైకి దువ్వుకున్నాను.