షామీర్‌పేట మట్టి తట్ట

మొన్న మా మనవడు జిమ్ము నుంచి వస్తూ బిందెంత ప్లాస్టిక్ డబ్బా ఒకటి చంకన పెట్టుకొచ్చాడు. కండలు పెరగడానికి పాలలో కలుపుకుని తాగే పొడి అట. మూత తీసి వాసన చూశాను. "ఎవలిచ్చిన్రు? ఎందుకిచ్చిన్రు?" అని అడిగాను. "ఎవలూ ఇయ్యలే అవ్వా, కొనుక్కొచ్చిన" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రెండు ప్రశ్నలూ నావి కావు, మా అత్తగారివి. ఆవిడ పోయి ఎన్నేళ్లయిందో, తన అనుమానాన్ని మాత్రం నగలతో పాటు నాకే ఒప్పజెప్పి వెళ్లింది.

పంతొమ్మిది వందల నలభైల్లో నేను షామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు కోడలిగా వచ్చాను. అప్పటికి నాకు పదిహేనేళ్లు. ఆ రోజుల్లో మేడ్చల్ మగవాళ్లకు రెండే ధ్యాసలు, ఒకటి వాన, రెండోది కుస్తీ సాధన చేసే తాలీం. తెల్లవారేసరికి తాలీం ముందు దండాలు, బస్కీలు తీస్తున్న వాళ్ల ఊపిరి వీధి చివరికి వినిపించేది. కుస్తీ పట్టే గోదాలో మట్టికి నూనె, పసుపు, మజ్జిగ పోసి పెరుగన్నం కలిపినంత శ్రద్ధగా కలిపేవారు. మా ఇంట్లో మజ్జిగకు కరువొచ్చిన రోజులున్నాయిగాని గోదాకు ఎన్నడూ రాలేదు. ఏటా కోతలయ్యాక షామీర్‌పేటతో కుస్తీ జరిగేది. గౌడవెల్లి నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. తీర్పు చెప్పడానికి అల్వాల్ నుంచి ఒక వడ్రంగి మేస్త్రి వచ్చేవాడు. చర్చిలో పాటలు పాడే మనిషి, రెండు ఊళ్లలోనూ చుట్టాలు లేనివాడు గనుక అందరూ ఆయన్ని నమ్మేవారు. మా అత్తగారు ఆయన్నీ నమ్మేది కాదు.

మేడ్చల్ పహిల్వాన్ మా ఆయన, షామీర్‌పేట పహిల్వాన్ మా అన్న. పెళ్లయిన ఏడే మా అన్న పట్టులో మా ఆయన కుడి జబ్బ కీలు తప్పింది. మూడు నెలలు నాగలి పట్టలేదు. మళ్లీ తప్పితే ఇక చెయ్యి పనికిరాదని కట్టు కట్టినాయన చెప్పి వెళ్లాడు. మా అత్తగారు మాత్రం తప్పు పట్టులో లేదని, మట్టిలో ఉందని తేల్చేసింది. ఎందుకంటే అక్కడొక ఆచారముండేది. ఎదుటి ఊరివాళ్లు తమ గోదా మట్టి ఒక తట్టెడు తెచ్చి ఈ గోదాలో కలపాలి. పరాయి మట్టి మీద ఓడిపోయామని ఎవరూ అనకూడదని పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి. కుస్తీ వేళ దాకా ఆ తట్టను ఆ ఊరి ఆడబిడ్డ ఇంట్లో దించాలి. అంటే మా ఇంట్లోనే.

"మట్టిల ఏమో కలిపిన్రు. మీ అన్న సేతికి అంత బలమెట్లొచ్చె?" అని ఏడాదంతా నన్ను అడుగుతూనే ఉంది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత తర్వాత నేనూ ఆలోచించడం మొదలుపెట్టాను. రోజూ చెవిలో పడేమాట ఎప్పుడు మనదైపోతుందో తెలియదు.

మరుసటి ఏడు కుస్తీ రోజు మధ్యాహ్నం మా అన్న తట్ట నెత్తిన పెట్టుకుని తానే వచ్చాడు. అత్తగారు బర్రెను కడగడానికి వెళ్లింది. "పైలం చెల్లె. నువ్వే దించుకో, ఇంకెవలినీ ముట్టనియ్యకు" అన్నాడు. అని, చిన్నగా నవ్వి, తాలీం వైపు వెళ్లిపోయాడు. ఆ నవ్వు నా గుండెల్లో ముల్లులా దిగింది. తలుపు దగ్గరకేసి మట్టిలో చెయ్యి పెట్టాను. అడుగున ఒక గుడ్డ మూట తగిలింది. గట్టిగా, గుండ్రంగా, ఎముక ముక్కల్లా ఉన్నాయి లోపల. విప్పడానికి ధైర్యం చాలలేదు. మా ఆయన జబ్బ కళ్ల ముందు మెదిలింది. మూటను పెరట్లోని పాడుబావిలో పడేశాను. ఆ మట్టంతా చెట్టు మొదట్లో పోసి, పెరటి మట్టితో తట్ట నింపి ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

సాయంత్రం ఆ మట్టినే గోదాలో కలిపారు. మా అన్న ఒంగి, కలిపిన చోట పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అక్కడే ఆగాడు. ఆడవాళ్ల మధ్య కూర్చున్న నా వైపు చూశాడు. ఒక్కమాట అన్నా చాలు, రెండు ఊళ్లు కర్రలు తీసేవి, నేను పుట్టింటికి చేరేదాన్ని. అన్న మాత్రం ఆ మట్టే నుదుటికి రాసుకుని బరిలోకి దిగాడు. కొంతసేపటికి మా ఆయన కుడి జబ్బ అతని చేతికి చిక్కింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అన్న వెల్లకిలా ఉన్నాడు, మేస్త్రి మా ఆయన చెయ్యి పైకెత్తాడు. పట్టు జారిందో, వదిలాడో ఇప్పటికీ తెలియదు.

"సూసినవా, ఈపాలి మంచి మట్టి తెచ్చిన్రు" అంది మా అత్తగారు.

వెళ్లేముందు అన్న మా ఇంటికి వచ్చాడు. చెంబుతో మజ్జిగ ఇస్తే వాసన చూడకుండా, ఎవరు కలిపారని అడగకుండా గటగటా తాగాడు. అత్తగారు లోపలికి వెళ్లాక గొంతు తగ్గించాడు.

"గవ్వలు ముట్టినయా చెల్లె? నీ అష్టాచెమ్మ గవ్వలు. కోడలికి ఆటలేందని మీ అత్త అన్నదంట గద, గందుకే అమ్మ మట్టిల దాసి పంపింది."

"ముట్టినయ్ అన్నా" అన్నాను.

మట్టి ఏమైందని అతను అడగలేదు. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ అడగలేదు. తాలీం పోయింది, పాడుబావి పూడ్చి దాని మీద ఇళ్లు కట్టారు, ఆ కుస్తీ చూసినవాళ్లలో బహుశా నేనొక్కదాన్నే మిగిలాను. అది జరిగి డెబ్భై ఏళ్లు దాటినా నా కాలం మాత్రం ఆ మధ్యాహ్నం నేను విప్పకుండా పారేసిన ముడి దగ్గరే ఆగి ఉంది.