ఎవరి మిషన్ వారిదే

మేడ్చల్ బస్టాండు వెనక గల్లీలో వెంకటనర్సయ్యకు తొమ్మిది టైపు మిషన్లు ఉండేవి. తొమ్మిదింటికీ తొమ్మిది రకాల గుణాలు. ఒకదాని స్పేస్ బార్ మొండిది. ఒకదాని గంట మోగదు. కిటికీ పక్కదానికి వానాకాలం వస్తే రోలరు బిగుసుకుపోతుంది. అందుకని ఆయన దగ్గర చేరిన ప్రతి పిల్లవాడికీ మొదటిరోజే ఒక మిషన్ చూపించి, పరీక్ష అయ్యేదాకా దీని మొహం తప్ప ఇంకోదాని మొహం చూడొద్దని చెప్పేవాడు. వేళ్లకు మిషన్ అలవాటు కావాలి, మిషన్‌కు వేళ్లు అలవాటు కావాలి. గవర్నమెంటు పరీక్ష రోజున ట్రాలీ ఆటోలో పాత బొంతలు పరిచి, తొమ్మిదింటినీ ఎక్కించి సికింద్రాబాద్ సెంటరుకు తీసుకుపోయేవాడు. ఎవరి మిషన్ మీద వాళ్లే పరీక్ష రాసేవాళ్లు. ఆటో వెనకాలే స్కూటర్ మీద ఆయన, పెళ్లికూతురి బండి వెంట పోయే మేనమామలాగా, గుంత వచ్చినప్పుడల్లా మెల్లగా, మెల్లగా అని అరుస్తూ పోయేవాడు.

తొంభై ఎనిమిది నాటికి ఆ గల్లీలో టకటకలు తగ్గిపోయాయి. పిల్లలంతా రైలెక్కి కంప్యూటర్ సెంటర్లకు పోతున్నారు. మిషన్ల మీద దుమ్ము దులపడం, మళ్లీ పడేదాకా ఎదురుచూడడం తప్ప నీకు వేరే పని లేదా అని భార్య కమలాబాయి రోజూ అడిగేది. ఆ మాట పడలేక నలభై రెండేళ్ల వయసులో ఆయన సికింద్రాబాద్‌లో మూడు నెలల సాయంత్రం కోర్సులో చేరాడు. క్లాసులో అందరూ ఆయన కొడుకు వయసువాళ్లు. మొదటిరోజు ఆయన లోపలికి రాగానే లెక్చరర్ అనుకుని లేచి నిలబడ్డారు. ఆయన వెనక బెంచీ దాకా నడిచిపోయి కూర్చునే వరకు పాపం అట్లాగే నిలబడి ఉన్నారు.

ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించిన రెండేళ్లకు రాఘవేందర్ అనే ఆయన మేడ్చల్, శామీర్‌పేటల మధ్య రోడ్డు మీద డిగ్రీ కాలేజీ పెట్టాడు. అంతకుముందు అక్కడ కోళ్ల ఫారం ఉండేది. పొడుగాటి షెడ్డుకు సీలింగు కొట్టించి, గోడలకు నీలం రంగు వేయించి కంప్యూటర్ ల్యాబ్ చేశారు. ముసురు పట్టినప్పుడు మాత్రం దాణా వాసన తిరిగి వచ్చేది. బీకాం చదివి, ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసై, కంప్యూటర్ సర్టిఫికెట్ కూడా ఉన్న మనిషి ఊళ్లోనే దొరికాడని రాఘవేందర్ సంబరపడ్డాడు. కాలేజీ కరపత్రంలో వెంకటనర్సయ్య పేరు కింద ‘సీనియర్ ఫ్యాకల్టీ, కంప్యూటర్స్’ అని పడింది. సీనియర్ అన్నది వయసు సంగతి కదా, అందులో అబద్ధమేముందని ఆయన తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

పాఠం చెప్పడం ఆయనకు చేతకాని పని కాదు. గొంతు ఉంది, ఓపిక ఉంది, బోర్డు మీద ముత్యాల్లాంటి రాత ఉంది. లేనిదల్లా పాఠమే. గైడ్ పుస్తకంలో పిల్లలకంటే ఒక్క అధ్యాయం ముందు ఉండేవాడు. ఎవరైనా ఆ అధ్యాయం దాటి సందేహం అడిగితే, గడియారం చూసి, అది రేపటి పాఠం అనేవాడు. సాయంత్రం బస్సెక్కి సికింద్రాబాద్‌లో నెట్ సెంటర్ నడిపే బామ్మర్ది కొడుకు శేఖర్ దగ్గరకు పోయేవాడు. శేఖర్ ఒక చేత్తో చాయ్ తాగుతూ ఇంకో చేత్తో చూపించేవాడు. శేఖర్‌కు కూడా తెలియని సందేహాలు కొన్ని ఉండేవి. వాటి రేపు ఎప్పటికీ వచ్చేది కాదు.

ల్యాబ్‌లో ఏడు కంప్యూటర్లు, ఫైనలియర్‌లో ఇరవై ఒక్కరు. చెప్పులు బయట విడవాలి. దసరాకు ప్రతి కంప్యూటర్‌కూ పసుపు, కుంకుమ పెట్టాలి. వీటన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. వెంకటనర్సయ్య ఏడింటికీ పెయింటుతో నంబర్లు వేసి, ఒక్కోదానికి ముగ్గురేసి పిల్లలను పంచాడు. మొదటి సంవత్సరం కూర్చున్న చోటే మూడేళ్లూ కూర్చోవాలి. స్నేహితుడి బొమ్మ చూద్దామని మల్లేష్ అనే పిల్లవాడు ఒకసారి ఒకటో నంబరు నుంచి ఐదో నంబరుకు పోతే, ఆయన చెవి పట్టుకోలేదు గాని పట్టుకున్నంత పని చేశాడు.

రెండువేల మూడులో వెబ్ పేజీల కోర్సు వచ్చింది. ఇది ఆయన మనసుకు పట్టింది. పేజీలో బొమ్మ కనబడుతుంది గాని, నిజానికి బొమ్మ పేజీలో ఉండదు. ఫలానా చోట బొమ్మ ఉంది, అక్కడి నుంచి తెచ్చి చూపించు అని చిరునామా మాత్రమే రాస్తాం. ఆ చిరునామా ఎంత వివరంగా రాస్తే అంత మంచిదని ఆయన అనుకున్నాడు. ఉత్తరం మీద ఇంటి నంబరు, వీధి, మండలం, జిల్లా రాసినట్టు, మిషన్‌లోని సి అనే డ్రైవు దగ్గర మొదలుపెట్టి, ఏ ఫోల్డరు, దాంట్లో ఏ ఫోల్డరు అని తల నుంచి కాలిదాకా రాయించాడు. బొమ్మలు వచ్చాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయనకు ఇరవై ఏళ్ల టైపులో దొరకని సంతోషం ఆ రోజు దొరికింది.

మూడో నంబరు మిషన్ దగ్గర రోజారాణి కూర్చునేది. వాళ్ల నాయిన ఎంకయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. ప్రాజెక్టుకు ఆమె ఆ చెరువునే ఎంచుకుంది. బొచ్చె, రవ్వ, కొర్రమీను అన్నింటినీ ఒడ్డున గోనెపట్టా మీద పడుకోబెట్టి, ఎవరిదో కెమెరా అడిగి తెచ్చుకుని ఫొటోలు తీసింది. జనవరిలో ఒకరోజు ఆమె లేచి, ఈ పేజీని వేరే మిషన్‌లో పెడితే కూడా బొమ్మలు ఇట్లాగే వస్తాయా అని అడిగింది.

వెంకటనర్సయ్య గడియారం చూశాడు. అది రేపటి పాఠం అన్నాడు. ఆ సాయంత్రం శేఖర్ దగ్గరకు మాత్రం పోలేదు. పోయేంత సందేహంగా అది ఆయనకు తోచలేదు. ఒకరి పేజీ ఇంకొకరి మిషన్‌లో ఎందుకు పెడతారు? పరీక్షకు మిషన్ పిల్లవాడి వెంట పోతుంది గాని, పిల్లవాడు మిషన్‌ను వదిలి పోతాడా?

ఏప్రిల్‌లో ప్రాక్టికల్స్ వచ్చాయి. యూనివర్సిటీ నుంచి ఎగ్జామినర్ మేడం పొద్దున పదింటికి కారు దిగింది. సరిగ్గా పదింటికే కరెంటు పోయింది. ఎండాకాలం ఆ వైపు పది నుంచి రెండు దాకా కోత. జనరేటర్ నడిచేది రాఘవేందర్ గదికి ఒక్కదానికే. అక్కడొక కంప్యూటర్ ఉంది కదా, అందరినీ ఫ్లాపీలు తెమ్మనండి, ఇక్కడే చూసేస్తాను అంది మేడం.

మొదట రోజారాణి. ఫ్లాపీ లోపలికి పోయింది, పేజీ తెరుచుకుంది. పైన చెరువు పేరు చక్కగా ఉంది. దాని కింద ఆరు ఖాళీ డబ్బాలు, డబ్బాకొక ఎర్రటి ఇంటూ గుర్తు. ఒక్క చేప లేదు. తర్వాత మల్లేష్ జింకల పార్కు వచ్చింది. పార్కు ఉంది, జింకలు లేవు. మూడో పిల్ల పూల తోట, నాలుగో పిల్లవాడి గుడి, అన్నిటిదీ అదే వరస. ఆరో ఫ్లాపీ దాకా ఒక్క బొమ్మా రాలేదు. గోడకు ఆనుకుని నిలబడ్డ వెంకటనర్సయ్యకు ఏమైందో అర్థం కాలేదు. ఏదో అయిందని మాత్రం అర్థమైంది.

మేడం పేజీ వెనక రాసిన వరసలు తెరిచి చూసింది. ఆ వారమే రెండు కాలేజీల్లో పిల్లలు బయట షాపుల్లో కొనుక్కొచ్చిన ప్రాజెక్టులు ఆమెకు దొరికాయి. అవీ ఇట్లాగే ఉన్నాయట. ఎక్కడో తయారుచేసిన మిషన్ చిరునామాలు, ఇక్కడికి వస్తే ఖాళీ డబ్బాలు.

"ఎక్కడ కొన్నారమ్మా ఇవి?"

"కొనలే మేడం. నేనే జేసిన," అంది రోజారాణి.

"బొమ్మలు ఇదే ఫ్లాపీలో పక్కనే ఉన్నాయి. పేజీ మాత్రం ఎక్కడో సి డ్రైవులో వెతుకుతోంది. ఏ లెక్చరరూ ఇలా నేర్పడు. పోనీ, నేర్పాడే అనుకుందాం. వేరే మిషన్‌లో ఏమవుతుందని నువ్వైనా అడగలేదా?"

రోజారాణి ఒక్క క్షణం సారు వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"నాకు తెల్వలే మేడం. అడగలే."

మేడం పెన్ను మూత తీసింది. కొన్న ప్రాజెక్టులని రాస్తే ఇరవై ఒక్కరి రిజల్టూ ఆగిపోతుంది. మళ్లీ అక్టోబరులో రాసుకోవాలి. ఈలోపు ఎంసీఏ సీట్లు అయిపోతాయి. రోజారాణి ఎంట్రన్స్‌కు ఫారం నింపినప్పుడు దాని మీద కాలేజీ ముద్ర వేసింది వెంకటనర్సయ్యే.

రాఘవేందర్ ఆయన భుజం పట్టి వరండాలోకి తీసుకుపోయాడు.

"సార్, వైరస్ అనున్రి. వైరస్ వచ్చి బొమ్మలు తినేసిందంటే ఎవలేమనరు."

ఆ రోజుల్లో ఆ కాలేజీలో ఏది చెడినా వైరసే. హాజరు పట్టీ కనబడకపోయినా వైరసే. అయితే వైరస్ అంటే ప్రాజెక్టులు మళ్లీ చేసి అక్టోబరులో చూపించుకోమంటారు. పిల్లల ఏడాది పోతుంది. కాలేజీ పరువు, సీనియర్ ఫ్యాకల్టీ పరువు నిలబడతాయి. లేదంటే యూనివర్సిటీ వాళ్లు మీ చదువు కాగితాలు అడుగుతారు, తర్వాత మీ ఇష్టం అన్నాడు రాఘవేందర్. ఆ మాటలో బెదిరింపు కంటే భయమే ఎక్కువ ఉంది.

వెంకటనర్సయ్య జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఆ పిల్ల అడగలేదని చెప్పింది. అడిగింది. జనవరిలో, చలికోటు వేసుకుని, లేచి నిలబడి మరీ అడిగింది. ఆయన మీద మాట పడకుండా, పంతొమ్మిదేళ్ల పిల్ల ఆయన కోసం అబద్ధమాడింది. ఆయన మాత్రం ఇక్కడ వైరస్ గురించి ఆలోచిస్తున్నాడు.

లోపలికి పోయాడు.

"మేడం, అది నేనే నేర్పిన. అందరికీ గట్లనే నేర్పిన."

మేడం తల ఎత్తలేదు. పిల్లలను కాపాడటానికి లెక్చరర్లు ఇట్లాంటివి చాలా చెప్తారు అంది.

"కాపాడనీకి కాదు మేడం. గీ పిల్ల నన్ను అడిగింది. నాకు తెల్వక చెప్పలే. నేను టైపు మాస్టర్‌ను. మూడు నెలల కోర్సు జేసిన. నాకొచ్చింది గంతే. రెండు గంటలకు కరెంటొస్తది. ల్యాబ్‌ల కూసోని ఎవరి మిషన్ మీద వాళ్లది చూడున్రి," అన్నాడు.

మేడం పెన్ను మూత పెట్టింది.

రెండు దాటాక షెడ్డులో ట్యూబులైట్లు కొట్టుకుని వెలిగాయి. మేడం కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. మూడో నంబరులో కొర్రమీను పొలుసులతో సహా కనబడింది. ఒకటో నంబరులో జింకలన్నీ తిరిగి వచ్చాయి. ఆమె మల్లేష్ ఫ్లాపీ తీసి మూడోదాంట్లో పెట్టింది. జింకలు మాయమయ్యాయి.

"మూడేళ్లలో ఒక్కరైనా ఇంకొకరి కుర్చీలో కూర్చోలేదా?"

"కూసోనియ్యలే మేడం," అన్నాడు వెంకటనర్సయ్య. ఎందుకని ఆమె అడిగితే చెప్పుకోక తప్పలేదు. మొండి స్పేస్ బార్ సంగతి, మోగని గంట సంగతి, ట్రాలీ ఆటో, బొంతలు, వెనక స్కూటర్ అన్నీ చెప్పాడు. స్కూటర్ దగ్గరకు వచ్చేసరికి మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్లలు నవ్వడానికి అంతదాకా ఆగలేదు. ఆయన చెవులు ఎర్రబడి, నంబర్లు వేసిన పెయింటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఆమె బోర్డు మీద రెండు వరసలు రాసింది. ఇంటి నంబరు, వీధి, జిల్లా ఏమీ వద్దు. బొమ్మ పేజీ పక్కనే ఉంటే దాని పేరు రాస్తే చాలు. పేజీ ఎక్కడికి పోతే బొమ్మా అక్కడికి పోతుంది. వెంకటనర్సయ్య హాజరు పట్టీ వెనక పేజీలో దాన్ని రాసుకున్నాడు, అందరూ చూస్తుండగానే. రోజారాణి తన పేజీని పది నిమిషాల్లో సరిచేసి, ఫ్లాపీ పట్టుకుని ఇంకొకరి కుర్చీ దగ్గరకు పోయింది. ఈసారి ఎవరూ వద్దనలేదు.

ఇరవై ఒక్కరూ పాసయ్యారు, తలా అయిదు మార్కులు కోత పడింది. పోయేముందు మేడం, రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయాల్సి ఉంటుంది అంది. రాయండి అన్నాడాయన. ఆమె రాసింది. జూన్‌లో వచ్చిన కొత్త కరపత్రంలో ఆయన పేరు లేదు. రాఘవేందర్ మంచివాడే, పూర్తిగా పొమ్మనలేదు. ల్యాబ్ అసిస్టెంట్‌గా ఉండమన్నాడు, తాళంచెవులు, హాజరు పట్టీ చూసుకుంటూ. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. కమలాబాయి మొత్తం విన్నది.

"గిన్నేండ్ల సంది తెల్వదని సెప్పనీకి నీకేం అడ్డమొచ్చింది?" అని మాత్రం అడిగింది.

కొత్త లెక్చరర్ తేజస్వి ఎంసీఏ చదివిన పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. మొదటిరోజు ల్యాబ్ తలుపు దగ్గర ఆమె మీరు ముందు పొండి సార్ అంది, ఆయన మీరే పోవాలె మేడం అన్నాడు. ఇద్దరూ అక్కడే నిలబడిపోతే, వెనక ఫస్టియర్ పిల్లలు మేకల మందలా ఆగిపోయారు. చివరికి ఆయనే ముందుగా పోయి, ఫ్యాన్లు వేసి, వెనక కుర్చీలో నోటుబుక్కు తెరుచుకుని కూర్చున్నాడు.

అరగంట తర్వాత చెయ్యి ఎత్తాడు. ఎత్తాక భయమేసింది గాని, అప్పటికే ఆమె చూసేసింది.

"మేడం, ఒక్క పేజీని వెయ్యిమంది ఒక్కసారే తెరిస్తే, అది ఎవలికి ముందుగాల కనబడ్తది?"

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాకు తెల్వదు సార్. చూసి చెప్త," అని తేజస్వి మళ్లీ బోర్డు వైపు తిరిగింది.

అంతే. పిల్లలు ఆమెను వింతగా చూడలేదు. సుద్ద బోర్డు మీద చప్పుడు చేస్తూనే ఉంది, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంకేదో జరుగుతుందేమోనని వెంకటనర్సయ్య ఆమె వీపు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూడడంలో ఆమె రాసిన రెండు వరసలు దాటిపోయాయి. ఆమె వాటిని తుడిచేసి ముందుకు పోయింది. ఆయన పక్క కుర్చీలోని పిల్లవాడి వైపు వంగి, నీ నోటుబుక్కు కొంచెం ఇటు జరుపు, నేను రాసుకోలే అన్నాడు.